టిఫిను, భోజనం దగ్గరదగ్గరగా పడే రోజుల్లో ఆస్పార్ట్ ఇన్సులిన్: దీర్ఘకాల వాడుక తర్వాత సమీక్ష

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణపు లెక్కలు చూసేవారికి, సరుకు ముమ్మరంగా వచ్చే నెలల్లో తిండి వేళలు తమ చేతిలో ఉండవు. పాటలు ముగిసి, కాటాలు పడి, చీటీలు రాసే దాకా టిఫిను ముట్టుకునే వీలుండదు. అది పదిన్నరకు జరిగితే, మధ్యాహ్న భోజనం ఒంటిగంటకల్లా ఎదురవుతుంది. టైప్ 1 మధుమేహం ఉన్న నేను, భోజనానికి ముందు వేసుకునే, త్వరగా పనిచేసే ఆస్పార్ట్ ఇన్సులిన్‌ను ఏళ్ల తరబడి ఈ వేళలతోనే వాడుతున్నాను. కనుక ఇన్సులిన్ వేసుకునే పెన్ను (పెన్ను ఆకారపు సూది పరికరం) సౌకర్యాల కంటే, రెండు భోజనాల మధ్య రెండున్నర గంటలే ఉన్నప్పుడు ఈ మందు ఎలా పనిచేస్తుందన్న విషయాన్నే ఇక్కడ ముఖ్యంగా రాస్తున్నాను.

దీనికి ముందు నేను వాడినది రెగ్యులర్ హ్యూమన్ ఇన్సులిన్. దాన్ని తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. దాని ప్రభావం రెండు నుంచి నాలుగు గంటల మధ్య అత్యధికంగా ఉండి, ఆరు నుంచి ఎనిమిది గంటల వరకు సాగుతుంది. అంటే పది గంటలకు వేసుకున్న సూది సరిగ్గా అన్నం ముందు కూర్చునే వేళకు పూర్తి బలంతో ఉంటుంది; దానికి తోడు మరో సూది పడితే సాయంత్రం దాకా షుగరు ఎటు పోతుందో అంచనా వేయడం కష్టం. ఆస్పార్ట్‌లో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది. మానవ ఇన్సులిన్ అణువులో బి గొలుసు అనే అమైనో ఆమ్లాల వరుసలో 28వ స్థానంలో ఉండే ప్రోలీన్‌కు బదులు ఆస్పార్టిక్ ఆమ్లం పెట్టడం వల్ల, ఆరేసి చొప్పున జట్టు కట్టిన అణువులు చర్మం కింద త్వరగా విడిపోయి రక్తంలో కలుస్తాయి. పది ఇరవై నిమిషాల్లో పని మొదలై, ఒకటి నుంచి మూడు గంటల మధ్య గరిష్ఠానికి చేరి, మూడు నుంచి ఐదు గంటల్లో ముగుస్తుంది.

అయితే ఆ చివరి అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. ఈ మందు వేగంగా మొదలవుతుంది కాబట్టి అంతే వేగంగా అయిపోతుందని చాలామంది అనుకుంటారు. రెండున్నర గంటల తర్వాత కూడా అందులో గణనీయమైన భాగం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఒక లెక్కతో చెబితే స్పష్టంగా ఉంటుంది. మా డాక్టరుగారు నాకు నిర్ణయించిన కొలత ప్రకారం పది గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్ వేసుకోవాలి. షుగరు 120 దాటి ఉంటే, పైనున్న ప్రతి 45 మిల్లీగ్రాములకు ఒక యూనిట్ అదనం. ఈ కొలతలు మనిషికీ మనిషికీ మారతాయి, ఒకే మనిషిలో పూటకూ పూటకూ కూడా మారవచ్చు కనుక ఎవరి అంకెలు వారు తమ వైద్యుల దగ్గరే తెలుసుకోవాలి. పదిన్నరకు ఇడ్లీలకు ఆరు యూనిట్లు వేసుకున్నామనుకుందాం. ఒంటిగంటకు గ్లూకోమీటరు 210 చూపిస్తే, లెక్క ప్రకారం రెండు యూనిట్లు అదనంగా వేసుకోవాలనిపిస్తుంది. కానీ మందు నాలుగు గంటలు పనిచేస్తుందని తీసుకున్నా, మొదటి మోతాదులో మూడో వంతుకు పైగా, అంటే రెండు యూనిట్లకు తక్కువ కాకుండా, ఇంకా మిగిలే ఉంది. ఆ 210ని దించే పని దానిదే. రెండో సూది రెండో భోజనానికి మాత్రమే వేసుకోవాలి. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి, 200 గ్రాముల అన్నానికి, కాస్త పప్పుకు కలిపి ఆరు యూనిట్లు సరిపోతాయి. ఎనిమిది వేసుకుంటే మూడు, నాలుగు గంటల మధ్య చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలయ్యే ప్రమాదం ఉంది. షుగరు 70 కంటే దిగువకు వస్తే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలన్న నియమం నాకు తెలుసు. ఆ అవసరం రాకుండా చూసుకోవడమే నాకు ముఖ్యం.

ఎంత వేసుకోవాలన్న దానితో పాటు ఎప్పుడు వేసుకోవాలన్నదీ రెండో భోజనానికి మారుతుంది. మొదటి పూట తినడానికి పదిహేను నిమిషాల ముందు వేసుకోవడం నాకు బాగా కుదిరింది. ఇడ్లీ త్వరగా అరిగే తిండి కనుక, ఆ పదిహేను నిమిషాలు వదిలేస్తే గంటలోనే షుగరు ఎగబాకుతుంది. రెండో పూట మాత్రం ముందటి ఇన్సులిన్ ఇంకా కదులుతూనే ఉంటుంది. అప్పటికి షుగరు 100 దరిదాపుల్లో ఉండి దిగుతూ ఉంటే, ముందుగా వేసుకోను. అన్నం వడ్డించాక, మొదటి ముద్దకు కాస్త ముందు వేసుకుంటాను. 200 దాటి నిలకడగా ఉంటే పదిహేను నిమిషాలు ఆగి తింటాను. దిగుతోందా, ఎక్కుతోందా అన్నది వేలి చుక్కతో తెలియదు. పద్నాలుగు రోజులు చేతికి అంటించుకునే సెన్సార్ చూపించే బాణం గుర్తు ఈ విషయంలో నాకు ఎంతో ఉపకరించింది. అయితే సెన్సార్ కొలిచేది కణజాలం మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజును కనుక, వేగంగా మారుతున్నప్పుడు రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఒంట్లో తేడా అనిపిస్తే వేలి పరీక్షనే నమ్మాలి.

పెళ్లిళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. తొమ్మిదిన్నరకు టిఫిను పెట్టి, పన్నెండు గంటలకే భోజనాలు మొదలుపెడతారు. మొదటి బంతిలో కూర్చోబెడతామన్నవారు మూడో బంతి దాకా చోటు చూపించలేకపోవచ్చు. అందువల్ల ఆకు ముందు కూర్చుని, అన్నం కంటపడ్డాకే పెన్ను బయటికి తీయాలన్నది నా గట్టి అభిప్రాయం. గంటలోపు తప్పకుండా తింటామని తెలిసిన పండో, స్వీటో అయితే దాన్ని మొదటి మోతాదులోనే కలిపి లెక్కించుకోవడం మేలు. తింటామో లేదో తెలియని దానికి ముందుగా సూది వేసుకోవడం మంచిది కాదు.

సాయంత్రం ఆరు గంటలకు మిరపకాయ బజ్జీలు, ఎనిమిదికి భోజనం అన్నది మా ఊళ్లో మామూలే, కానీ ఈ మందుకు అన్నిటికంటే కష్టమైన వరుస ఇదే. నూనె వల్ల బజ్జీ నెమ్మదిగా అరుగుతుంది; ఇన్సులిన్ ముందు పరుగెత్తితే మొదట షుగరు పడిపోయి, తొమ్మిదింటికి పైకి లేస్తుంది. పడుకునే ముందు ఆ పెరిగిన అంకెను చూసి మరో సూది వేసుకుంటే, భోజనపు మోతాదు, ఈ కొత్త మోతాదు రెండూ నిద్రలో కలిసి పనిచేస్తాయి. చివరి సూది తర్వాత నాలుగు గంటలు గడవనిదే రాత్రిపూట దిద్దుబాటు మోతాదు వేసుకోకూడదని మా డాక్టరుగారు నాకు పెట్టిన కట్టుబాటును నేను ఎన్నడూ సడలించను.

వేసుకునే చోటు కూడా వేళను మారుస్తుంది. పొట్ట మీద వేసుకుంటే త్వరగా, తొడ మీద నెమ్మదిగా ఒంట్లో కలుస్తుంది. ఒకే చోట పదేపదే పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి, మందు ఎప్పుడు పనిచేస్తుందో చెప్పలేని స్థితి వస్తుంది. రోజుకు నాలుగైదు సూదులు పడే నాలాంటివారు చోటు మార్చడాన్ని అలవాటుగా కాక విధిగా పాటించాలి. ఎండ సంగతీ ఇలాంటిదే. వాడుకలో ఉన్న పెన్నును 30 డిగ్రీల లోపు ఉంచి, నాలుగు వారాల్లో ముగించాలి. మే నెలలో 40 దాటే మన ఊళ్లలో స్కూటరు డిక్కీలో పెట్టిన పెన్నును నమ్మలేం. కరెంటు పోయే దుకాణంలో, తడి ఇసుక పోసిన కుండలో మూత బిగించిన డబ్బా పెట్టి అందులో దాచుకుంటాను.

నేను వాడే సాధారణ పెన్నులో రెండు లోపాలు కనిపించాయి. మోతాదు ఒక్కో యూనిట్ చొప్పున మాత్రమే తిరుగుతుంది. చిన్న టిఫినుకు అరయూనిట్ తేడా కూడా లెక్కే. అంతకంటే పెద్ద లోటు, చివరిసారి ఎప్పుడు, ఎంత వేసుకున్నామో అది గుర్తుంచుకోకపోవడం. వేళలు దగ్గరపడిన రోజున ఈ ఒక్క వివరమే అన్నిటికీ ఆధారం కనుక, వేసిన వెంటనే సమయం, యూనిట్లు రెండూ చిట్టాపుస్తకం వెనక పేజీలో రాసుకుంటాను. మోతాదును గుర్తుంచుకునే పెన్నులు ఉన్నాయి. కొత్తగా కొనేవారు వాటినే అడగడం మంచిది.

రోజుకు రెండు పూటలా 30/70 మిక్స్ ఇన్సులిన్ వేసుకునే పెద్దలు ఈ పద్ధతిని యథాతథంగా అనుసరించకూడదు. ఆ మందులో ఎక్కువ భాగం నెమ్మదిగా, చాలా గంటలు పనిచేసేది. మధ్యలో వచ్చే భోజనానికని దాన్ని అదనంగా వేసుకుంటే, ఆ ప్రభావం ఆ పూటతో ఆగదు. వేళలు మాటిమాటికీ మారే పనిలో ఉన్నవారు, పూటకు పూటగా వేసుకునే విధానం తమకు సరిపోతుందేమో ముందు వైద్యులతో మాట్లాడి, ఆ తర్వాతే మార్చుకోవాలి.