కారు కింద దబ్‌మనే చప్పుడు: లిఫ్టు మేలా, పిట్టు మేలా?

గతుకుల్లో కారు కింది నుంచి వచ్చే దబ్ దబ్ చప్పుడు ఎక్కడిదో తేల్చడానికి షెడ్లలో మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి, రెండు స్తంభాల లిఫ్టుతో బండిని పైకెత్తి, చక్రాలు వేలాడుతుండగా చూడడం. రెండవది, చక్రాలు నేల మీదే ఉండగా పిట్టులోకి, అంటే బండి కింద నేలలో తవ్విన గోతిలోకి, దిగి చూడడం. మూడవది, అనుమానం వచ్చిన సామానునల్లా మార్చుకుంటూ పోవడం; ఇందులో పరీక్షకు నిలిచేది యజమాని జేబే కనుక దానిని పక్కన పెడదాం.

ఏ దారి ఎంచుకున్నా, ముందుగా డిక్కీలోని స్టెప్నీ, జాకీ వదులుగా లేవని చూసుకొని, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకొని బండిని ఒకసారి నడపాలి. స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా, ఒక్కో చక్రంతో ఎక్కించినప్పుడే చప్పుడు వస్తే స్టెబిలైజర్ బార్ (బండి ఒరగకుండా కుడి, ఎడమ చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ) చివర ఉండే లింక్ రాడ్ మీద అనుమానం బలపడుతుంది. ఎందుకంటే రెండు పక్కల చక్రాలు వేర్వేరుగా కదిలినప్పుడే ఆ బారు మెలిపడుతుంది. బ్రేకు వేయగానే ఒక్కసారి దబ్‌మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుకు కలిపే చెయ్యి) కీలులోని రబ్బరు బుష్‌ను, క్లచ్ వదలగానే వస్తే ఇంజన్‌ను మోసే మౌంటింగ్‌ను ముందు చూడాలి.

లిఫ్టు మీద వెలుతురు బాగుంటుంది, చెయ్యి అంతటా ఆడుతుంది. టైరును కుడి ఎడమల పట్టి ఊపితే టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) వదులు, పైనా కిందా పట్టి ఊపితే బేరింగు లేదా బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండు కీలు) వదులు తెలుస్తాయి. సైలెన్సరును మోసే రబ్బర్లు తెగినా, షాక్ అబ్జార్బర్ నుంచి నూనె కారినా కంటికే కనిపిస్తుంది. అయితే చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆర్ములు పూర్తిగా కిందికి వంగి, బుష్‌ల రబ్బరు మెలిపడి బిగుసుకుంటుంది. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగం) పై మౌంటింగు మీద బండి బరువే ఉండదు. రోడ్డు మీద మోగే వదులు అక్కడ మూగబోవచ్చు. ఒక్క పక్కనే జాకీ పెట్టి చూడడం మరీ దండగ. బారు మెలిపడి లింక్ రాడ్‌ను లాగిపట్టడం వల్ల అరిగిన జాయింటు కూడా గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. పైగా జాకీని నమ్మి బండి కిందికి దూరడం ప్రాణాపాయం.

పిట్టు మీద బండి తన బరువుతో, రోడ్డు మీద ఉన్నట్టే ఉంటుంది. ఒకరు పైనుంచి బానెట్టు పక్కన నొక్కి వదులుతూ, స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ ఉంటే, కింద ఉన్నవారు లింక్ రాడ్ జాయింటు మీద, ఆర్మ్ చివర వేళ్లు ఆనించి చూడవచ్చు. వదులున్న చోట చప్పుడు చెవికి చేరకముందే వేలికి టక్‌మని తగులుతుంది. కాకపోతే చక్రాన్ని పట్టి ఊపడానికి ఇక్కడ వీలుండదు.

అందుచేత గతుకుల చప్పుడుకైతే పిట్టే మేలని నా అభిప్రాయం. అక్కడ దొరకకపోతేనే లిఫ్టు. చప్పుడుతో పాటు స్టీరింగు కూడా వదులుగా ఉంటే మాత్రం లిఫ్టుకే మొదటి ఓటు, ఎందుకంటే బాల్ జాయింట్ ఊడితే చక్రం ఒరిగిపోతుంది.

బిగింపులోనూ ఈ తేడా పాటించాలి. లోయర్ ఆర్మ్ కొత్తది వేస్తే, రబ్బరు బుష్ బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరిగా బిగించి, ఆపైన వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. వేలాడుతుండగానే బిగించేస్తే రబ్బరు మెలికలోనే ఉండి త్వరగా చిరుగుతుంది.