జ్వరం చూడటానికి ఏది మేలు: పాదరసమా, డిజిటలా, గన్నా?

ఇంట్లో ఒక్కటే ఉంచుకోవాలంటే నా ఓటు మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరుకే. కూత పెట్టేదాకా కదపకుండా ఉంచితే చాలు.

కచ్చితత్వంలో పాదరసంది దీనికేమీ తీసిపోదు. కాకపోతే విదిలించి గీత దించాలి, చంకలో ఐదు నిమిషాలు ఉంచాలి, వెలుతురుకు తిప్పి తిప్పి చదవాలి. చెయ్యి జారిందా, పాదరసం గచ్చంతా పరుగెడుతుంది. దాని ఆవిరి విషం. అందుకే పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు 2013లో చేసుకున్న మినమాటా ఒప్పందం వీటి తయారీ ఆపడానికి 2020ని గడువుగా పెట్టింది.

కరోనా రోజుల్లో ప్రతి గేటు దగ్గరా నుదుటికి గురిపెట్టిన గన్ చూసేది చర్మం వేడిని. ఎండన పడి వస్తే ఎక్కువ చూపిస్తుంది, చెమట పట్టినా ఏసీలో కూర్చున్నా తక్కువ. నిద్రపోతున్న పిల్లల్ని లేపకుండా చూడటానికి పనికొస్తుంది, అంతవరకే. ఇక అమ్మ అరచెయ్యి థర్మామీటరు ఎప్పుడు తియ్యాలో చెబుతుంది, ఎంతుందో చెప్పలేదు.

నోట్లోకన్నా చంకలో అర నుంచి ఒక డిగ్రీ తక్కువ వస్తుంది. మనమే ఒకటి కలిపి చెప్పడం మంచిది కాదు, ‘చంకలో 99.6’ అంటే డాక్టరుకు అర్థమవుతుంది. టీ తాగిన వెంటనే నోట్లో పెట్టొద్దు. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 వచ్చిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికే.

ఒకే థర్మామీటరు, ఒకే చోట, పొద్దున్నా సాయంత్రం చూసి, మాత్ర వేసిన వేళతో సహా రాసిపెట్టాలి. పొద్దున గన్, రాత్రి డిజిటల్ అయితే పెరిగింది జ్వరమో, పరికరాల తేడానో తెలియదు. టైఫాయిడ్ మొదటి వారంలో మెట్లెక్కినట్టు పెరుగుతుందనీ, వైవాక్స్ రకం మలేరియా రోజు విడిచి రోజు చలితో వణికిస్తుందనీ పుస్తకాల్లో ఉంటుంది. పారాసిటమాల్ ఆ మెట్లను చెరిపేస్తుంది, ఫాల్సిపారం అనే మరో రకం మలేరియాకైతే ఆ రోజుల లెక్కే పట్టదు. కాబట్టి రాసుకున్నది డాక్టరుకు చూపించడానికి. రోగమేదో తేల్చాల్సింది రక్తపరీక్ష.

డెంగీలో మాత్రం ఏ థర్మామీటరునూ నమ్మొద్దు. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు జ్వరం దిగుతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం మొదలయ్యేది చాలాసార్లు అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, చల్లబడుతున్న కాళ్ళూ చేతులూ కనిపిస్తే, థర్మామీటరు 98 చూపిస్తున్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.