క్లీన్ రీడర్ యాప్ సమీక్ష: నీలి చుక్క కింద దాగిన తిట్టు

ఈ-పుస్తకాలలోని బూతు మాటలను పాఠకుని కంట పడనీయనన్న హామీతో 2015లో వార్తలకెక్కిన క్లీన్ రీడర్ యాప్, కథల్లోనూ నవలల్లోనూ వచ్చే తిట్ల మీద పాఠకులు ఏనాటి నుంచో చేస్తున్న ఫిర్యాదుకు సాఫ్ట్‌వేర్ రూపంలో ఇచ్చిన ఒక సమాధానం. అమెరికాలోని ఐడహో రాష్ట్రానికి చెందిన ఒక జంట, బడికి వెళ్లే తమ కూతురు ఒక పుస్తకంలో ఎదురైన తిట్లకు నొచ్చుకోవడం చూసి దీనిని తయారు చేయించారు. యాప్ ఉచితం, పుస్తకాలను మాత్రం దానికి జతచేసిన దుకాణంలో కొనుక్కోవలసి ఉండేది. రచయితల నిరసన కారణంగా ఆ దుకాణం ఆ ఏడాది మార్చి నెలాఖరుకే మూతపడింది కనుక, దీనిని తెచ్చుకోవచ్చునా కూడదా అని చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం కాదు. ఇటువంటి వడపోత కావాలనే పాఠకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారి అవసరాన్ని ఈ యాప్ ఎంతవరకు తీర్చగలిగింది, రచయితలు వారికి ఇచ్చిన జవాబులో ఎంత బలముంది అన్నవే నేను తూచదలచిన సంగతులు.

పని తీరు చూడడానికి సులువుగానే ఉంటుంది. వడపోతను పూర్తిగా ఆపివేయవచ్చు, లేదా 'క్లీన్', 'క్లీనర్', 'స్క్వీకీ క్లీన్' అనే మూడు మెట్లలో ఒకదానిని ఎంచుకోవచ్చు. మొదటి మెట్టులో మరీ ఘాటైన మాటలు మాత్రమే మాయమైతే, చివరి మెట్టుకు వచ్చేసరికి మామూలు విసుగు మాటలు సైతం మాయమవుతాయి. మాయమైన మాట ఉన్నచోట చిన్న నీలి చుక్క కనిపిస్తుంది. దాని మీద వేలు పెడితే యాప్ సూచించే ప్రత్యామ్నాయ పదం పైకి తేలుతుంది. పుస్తకపు ఫైలు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, మారేది తెర మీది దృశ్యమే. తాము పుస్తకాన్ని దిద్దడం లేదనీ, పాఠకుడు ఎలా చదవదలచుకున్నాడో అలా చదువుకునే వీలు కల్పిస్తున్నామనీ తయారీదారులు వాదించడానికి ఈ ఏర్పాటే ఆధారమైంది.

నా దృష్టిలో ఈ రూపకల్పనలోని మొదటి లోపం ఆ చుక్కే. గబగబా చదువుతున్నప్పుడు కంటికి ఆనకుండా దాటిపోయే ఒక తిట్టు, చుక్కగా మారిన మరుక్షణం పేజీలో అన్నిటికన్నా ముందుగా కనిపించే వస్తువవుతుంది. కోపంతో ఊగిపోతున్న పాత్ర నోట 'నోరు ముయ్యరా' అన్న మాటల తర్వాత ఒక చుక్క కనబడితే, అక్కడ ఏముండేదో ఊహించకుండా ముందుకు సాగగల పాఠకుడు ఎవరు? రచయిత ఒక మాట రాసి ఊరుకున్నాడు. చుక్క మాత్రం పాఠకునికి తెలిసిన బూతులన్నిటినీ వరుసగా గుర్తుచేసి, వాటిలో ఏదో తేల్చుకొమ్మంటుంది. పిల్లల కోసం తీసిన పరికరం పిల్లల చేతనే ఖాళీలు పూరింపజేస్తున్నదన్న మాట.

ప్రత్యామ్నాయ పదాల సంగతి అంతకన్నా విచిత్రం. 'డ్యామ్' స్థానంలో 'డార్న్' రావడం ఇంగ్లీషు మాట్లాడేవారు ఇళ్లలో తామే చేసుకునే సర్దుబాటు కనుక పెద్ద నష్టం లేదు. కాని 'బిచ్' అన్న తిట్టుకు బదులు 'విచ్' అనడంలో స్త్రీని కుక్కతో పోల్చిన నీచం పోయి, స్త్రీని మంత్రగత్తెగా నిందించిన పాత నీచం వచ్చి చేరుతుంది. దీనివల్ల ఎవరి మర్యాద దక్కిందో తెలియదు. శరీర భాగాల పేర్లకు కూడా ఇదే గతి పట్టింది. స్తనాన్ని సూచించే 'బ్రెస్ట్' ఛాతీగా మారింది, యోనిని సూచించే మాట 'బాటమ్'గా, అంటే పిరుదులుగా మారింది. ఒక ప్రసవ ఘట్టాన్ని ఈ సూచనలతో చదివే పాఠకునికి కలిగే గందరగోళం అటుంచితే, వైద్యుని నోటి మాటనూ వీధి రౌడీ నోటి మాటనూ ఒకే గాటన కట్టే పద్ధతిని శుభ్రత అనడం నాకు సాధ్యం కాదు.

పదాల పట్టికతో నడిచే ఏ యంత్రానికైనా ఈ చిక్కు తప్పదని తెలుసుకోవడానికి, అటువంటి పట్టికను మన భాష మీద ఊహలో ప్రయోగించి చూస్తే చాలు. 'నా కొడుకు' అన్న మాటను పట్టికలో చేరిస్తే, బిడ్డ మొదటి జీతం గురించి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయే తండ్రి నోరు మూతపడుతుంది; చేర్చకపోతే తెలుగులో అతి మామూలుగా వినబడే తిట్టు నిక్షేపంగా దాటిపోతుంది. 'ఓరి వెధవా, ఎంత ఎదిగిపోయావురా' అని మనవడి బుగ్గ పుణికే అమ్మమ్మ మాటలో చుక్క పడుతుంది. 'నీ తద్దినం పెట్ట' అన్న శాపంలో మాత్రం ఒక్క బూతక్షరం లేదు కనుక, మనిషి చావును కోరే ఆ వాక్యం పరమ శుభ్రమైనదిగా తేలుతుంది. తిట్టు పదంలో కన్నా ఎక్కువగా, ఎవరు ఎవరిని ఏ గొంతుతో అన్నారన్న దానిలో ఉంటుంది. ఈ యాప్‌కు గొంతు వినబడదు.

ఇంతవరకు చెప్పినదంతా రచయితల పక్షాన నిలబడి చెప్పినట్టే ఉంటుంది గాని, అభ్యంతరం చెప్పే పాఠకులను ఛాందసులని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. వారందరూ ఒకే సంగతి చెప్పడం లేదు. దైవనామాన్ని ఊతపదంగా వాడడం చూసి బాధపడే భక్తునికి, లైంగికమైన బూతు కన్నా అదే పెద్ద అపరాధం. పదేళ్ల పిల్ల చేతికి పుస్తకం ఇచ్చే తల్లికి కావలసింది సాహిత్య సిద్ధాంతం కాదు, లోపల ఏముందో ముందే తెలియడం. మూడో రకం పాఠకుడు బూతుకు అదిరిపోయేవాడు కాదు. ప్రతి పేజీలోనూ అదే మాట దొర్లుతుంటే రచయితకు మరో మాట దొరకలేదా అని విసుక్కునేవాడు, అతని ఫిర్యాదు నీతికి కాక నేర్పుకు సంబంధించినది. ఇక తమ కులాన్నో రంగునో వైకల్యాన్నో తిట్టుగా మార్చిన మాటలను జీవితంలో పడవలసి వచ్చినవారు అవే మాటలు కథలో ఎదురైనప్పుడు పొందే నొప్పి, పై మూడింటిలో దేనితోనూ కలపదగినది కాదు. ఈ నలుగురికీ యాప్ ఇచ్చినది ఒకే చుక్క.

రచయితల నిరసన వేగంగా, ఘాటుగా వచ్చింది. బ్రిటిష్ నవలా రచయిత్రి జోయాన్ హారిస్, తాను ఎంచుకుని వాడిన మాటలను తన అనుమతి అడగకుండా మరొకరు కప్పివేయడాన్ని సెన్సార్‌షిప్‌గానే పరిగణించి, సాక్షాత్తూ ఒక బూతు మాటనే శీర్షికలో పెట్టి వ్యాసం రాశారు. తమ పుస్తకాలు ఆ దుకాణంలో అమ్ముడవుతున్న సంగతే చాలామంది రచయితలకు అంతకుముందు తెలియదు. పంపిణీదారుల ద్వారా అవి అక్కడికి చేరాయి. ఈ ఒక్క కారణం చాలు, వారి కోపం న్యాయమైనదని ఒప్పుకోవడానికి. కొద్ది రోజులలోనే పుస్తకాల అమ్మకం ఆగిపోయింది. అయితే రచయితలందరూ ఒకే మాట మీద లేరు. సైన్స్ ఫిక్షన్ రచయిత కోరీ డాక్టరో, ఆ యాప్ ఉద్దేశం తనకు నచ్చకపోయినా, తాను కొనుక్కున్న పుస్తకాన్ని తన తెర మీద తనకు తోచినట్టు చదువుకునే హక్కు పాఠకునికి ఉండాలని గార్డియన్ పత్రికలో వాదించాడు. నచ్చని వస్తువుకు కూడా హక్కు ఉందని చెప్పగలిగిన ఆ నిలకడ నాకు నచ్చింది, అతని ముగింపుతో సగమే ఏకీభవించినప్పటికీ.

సగమే ఎందుకంటే, పాఠకుడు తనంతట తాను ఒక పేజీ దాటవేయడానికీ, ఒక వ్యాపారం ముందుగానే పట్టిక తయారు చేసి, అందులోని మాటలన్నిటికీ ప్రత్యామ్నాయాలు నిర్ణయించి, ఆ సేవతో పుస్తకాలు అమ్మడానికీ తేడా ఉంది. పెన్సిలుతో ఒక మాట కొట్టేసుకున్న పాఠకునికి తాను ఏది కొట్టేశాడో తెలుసు. క్లీన్ రీడర్ పాఠకునికి అది తెలియదు.

ఇలాంటి వివాదాలలో రచయితలు సాధారణంగా చెప్పే జవాబులలో అన్నిటికన్నా బలహీనమైనది 'నిజజీవితంలో మనుషులు ఇలాగే మాట్లాడతారు' అన్నది. నిజజీవితంలో మనుషులు సగం వాక్యంలో ఆగిపోతారు, చెప్పిందే నాలుగుసార్లు చెబుతారు, దగ్గుతారు. ఏ నవలాకారుడూ ఇవన్నీ దించడు. సంభాషణ రాయడమంటేనే ఏరుకోవడం కనుక, ఏరిన బూతుకు కూడా బాధ్యత ఏరినవారిదే. దీనికన్నా గట్టి జవాబు, ఆ మాట అక్కడ చేస్తున్న పనిని చూపించడం. అధికారి ముందు నోరు విప్పని గుమాస్తా ఇంటికి వచ్చి భార్య మీద విసిరే ఒక్క తిట్టు, అతని ఉద్యోగమంతటినీ మనకు చెప్పగలదు. నవల మొత్తం మీద ఒక్కసారే నోరు జారే పెద్దమనిషి తిట్టు, అప్పటిదాకా పోగుపడిన ఒత్తిడిని ఒక్కసారిగా బయటపెట్టగలదు. ఆ పని చేయని బూతును రచయిత స్వయంగా తీసివేస్తే నష్టం లేదు. 1948లో అమెరికన్ రచయిత నార్మన్ మెయిలర్ తన మొదటి యుద్ధ నవలలో సైనికుల నోట పలికే ఒక మాటను స్పెల్లింగు మార్చి అచ్చువేయవలసి వచ్చింది. ఆ రాజీ ఇష్టంతో చేసినది కాకపోయినా, అది రచయితకు తెలిసి జరిగినది, అందరికీ కనబడేది.

మాటలను లెక్కపెట్టి పుస్తకానికి విలువ కట్టే పద్ధతి కొత్తదేమీ కాదు. 1960లో ఇంగ్లీషు రచయిత డి.హెచ్. లారెన్స్ నవల 'లేడీ చాటర్లీస్ లవర్'పై అశ్లీలమన్న ఆరోపణతో లండన్‌లో జరిగిన విచారణలో, ప్రాసిక్యూషన్ తరఫు న్యాయవాది ఒక మాట ఆ నవలలో 30 సార్లకు తక్కువ కాకుండా వచ్చిందని జ్యూరీకి లెక్క చెప్పాడు. కాని అంతకు ముందు ఏడాదే అమలులోకి వచ్చిన చట్టం, పుస్తకాన్ని ముక్కలుగా గాక మొత్తంగా చూడాలని నిర్దేశించింది. జ్యూరీ ప్రచురణకర్తను నిర్దోషిగా తేల్చింది. న్యాయస్థానమే విడిచిపెట్టిన లెక్కను యాభై అయిదేళ్ల తర్వాత ఒక యాప్ తిరిగి చేతికి తీసుకుని దానిని ఒక సౌకర్యంగా అందించడం ఈ కథలోని వింత. అంతకుముందు, 1818లో ఇంగ్లండులోని బౌడ్లర్ కుటుంబం షేక్‌స్పియర్ నాటకాలను ఇంటిల్లిపాదీ చదువుకునేలా కత్తిరించి పది సంపుటాలుగా వెలువరించినప్పుడు, ఇది కత్తిరించిన ప్రతి అని కనీసం పేరులోనే చెప్పుకున్నారు. కొనేవారికి ఏమి కొంటున్నారో తెలిసింది.

క్లీన్ రీడర్‌కు నేను అయిదింటికి ఒకటిన్నర నక్షత్రాలు ఇస్తాను. ఒకటి, పాఠకుల ఫిర్యాదును ఎగతాళి చేయకుండా విన్నందుకు. సగం, వడపోతను ఎప్పుడైనా పూర్తిగా ఆపివేసే మీట ఉంచినందుకు. దీనికి బదులు నేను డబ్బిచ్చి కొనగలిగిన సేవ ఏదంటే, పుస్తకంలోని ఒక్క అక్షరాన్నీ ముట్టుకోకుండా, చదివిన మనిషి రాసిన నాలుగు వాక్యాలలో అందులోని భాష ఎటువంటిదో ముందే చెప్పేది: తిట్లు తరచుగా ఉన్నాయా, దైవదూషణ ఉందా, కులాన్నో జాతినో కించపరిచే మాటలు ఉన్నాయా, ఉంటే వాటిని కథ సమర్థిస్తుందా ప్రశ్నిస్తుందా. సినిమాలకు ఇటువంటి ముందస్తు సూచనలు ఉన్నాయి, పుస్తకాలకు కూడా కొందరు ప్రచురణకర్తలు ఇస్తున్నారు. కథలో ఏం జరుగుతుందో ముందే తెలిసిపోతుందని కొందరు రచయితలు వీటిని కూడా వ్యతిరేకిస్తారు. ఆ అభ్యంతరానికి నేను అంత విలువ ఇవ్వలేను, ఎందుకంటే ఇక్కడ చెప్పేది కథ కాదు, భాష. పైగా ఆ సూచనను తెరిచి చూడాలా వద్దా అన్నది పాఠకుని చేతిలోనే పెట్టవచ్చు. సూచన చదివి పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టేసిన పాఠకుని వల్ల రచయితకు ఒక ప్రతి అమ్మకం తగ్గుతుంది, అంతే. చుక్కలతో చదివి ఇదే ఆ నవల అనుకున్న పాఠకుని వల్ల పోయేది అంతకన్నా ఎక్కువ.