లక్ష్యం వెతికే కోర్సు: వీడియోల కన్నా హోంవర్క్ మేలు

ఇష్టమైన పనిలోకి మారే ధైర్యం నేర్పుతామన్న ఆన్‌లైన్ కోర్సు ఇది. నాది అకౌంట్స్ ఉద్యోగం, మనసంతా చెక్కపని మీదే.

మొదటి వీడియోలు ఒట్టి ఊకదంపుడు. ఇకిగాయ్ (బతకడానికో కారణం అనే అర్థమున్న జపనీస్ మాట) పేరుతో చూపించిన నాలుగు వృత్తాల బొమ్మ జపాన్ వాళ్ల ప్రాచీన విద్య అట! నిజానికి ఆ పేరును ఆ బొమ్మకు తగిలించింది మార్క్ విన్ అనే బ్లాగర్, 2014లో, తన బ్లాగులో.

హోంవర్క్ మాత్రం అదిరింది. ఉద్యోగం మానకుండానే, ముక్కూమొహం తెలియని ఒకరికి పని చేసిపెట్టి డబ్బు అడగాలి. నేను ఒకావిడకి స్టూల్ చేశాను. ఉలి పట్టినప్పుడు లేని టెన్షన్ రేటు టైప్ చేస్తుంటే వచ్చింది. ఆవిడ బేరమాడలేదు సరికదా, ఇంకోటి రెండంగుళాల ఎత్తు పెంచి చేయమన్నారు.

మెంటార్ కాల్ ఎప్పుడూ చెప్పిన టైముకి రాలేదు. అందుకే ఒక స్టార్ కోత.