వింటర్‌గ్రీన్ కుండీ మొక్క: ఎర్ర కాయలు చూసి కొనేముందు

నవంబర్ వచ్చిందంటే న్యూజెర్సీలో నర్సరీల ముందర నాలుగంగుళాల కుండీల్లో ఈ మొక్క బారులు తీరుతుంది. నిగనిగలాడే ముదురు ఆకులు, వాటి కింద గోళీల్లా ఎర్రటి కాయలు. వింటర్‌గ్రీన్ అంటారు, టీబెర్రీ అనీ అంటారు. శాస్త్రనామం గాల్తీరియా ప్రొకంబెన్స్. ఎత్తు జానెడు దాటదు. చలికి ఆకు రాలదు, ఊదా ఎరుపుకు తిరుగుతుందంతే. నీడకు ఇంత పొందికైన మొక్క తక్కువ. అయితే అమ్మే పద్ధతే బాగోలేదు.

ఆకు నలిపి చూడండి, నొప్పుల బామ్ మూత తీసినట్టుంటుంది. అది మిథైల్ శాలిసిలేట్ వాసన. మన బామ్ డబ్బాల మీద రాసుండే గంధపూర తైలం నీలగిరుల్లో, హిమాలయాల్లో పెరిగే దీని దాయాది మొక్కది.

ఇక్కడి పైన్ బారెన్స్ అడవుల్లో ఎవరూ నీళ్ళు పోయకుండానే బతికే మొక్క పెరట్లో ఎందుకు పోతుంది? మొదటి తప్పు అదును. కాయలతో అమ్మేవి ఎక్కువగా గ్రీన్‌హౌస్‌లో పెంచినవి. డిసెంబర్లో నాటితే వేరు పట్టకముందే నేల గడ్డకడుతుంది, మంచు బిగిసి కరిగినప్పుడల్లా వేళ్ళ ముద్ద పైకి తేలుతుంది. అప్పుడు కొంటే మార్చి దాకా మంచు కొట్టని చల్లటి వరండాలో ఉంచి, ఏప్రిల్లో నాటండి. కుండీకి చుట్టిన మెరుపు కాగితం ముందు తీసేయాలి, దాని అడుగున నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి.

రెండోది పీట్, అంటే చిత్తడి నేలల్లో నాచు చివికి తయారైన ఎరువుమట్టి. కుండీ నిండా అదే ఉంటుంది. ఒకసారి ఎండిందంటే మళ్ళీ నీటిని పట్టదు. పైన పోసిన నీళ్ళు అంచుల వెంట జారి కింద కారిపోతాయి, మధ్యలో ముద్ద పొడిగానే మిగులుతుంది. అందుకే నాటేముందు కుండీని బకెట్‌లో ముంచి, బుడగలు ఆగేదాకా, దాదాపు అరగంట ఉంచాలి. తర్వాత వేళ్ళు వేలితో విడదీసి, ముద్ద పైభాగం నేలకు సమంగా ఉండేలా పెట్టాలి. లోతుగా పూడ్చకూడదు. మొక్కకూ మొక్కకూ అడుగు దూరం. పైన రెండంగుళాల మందాన పైన్ సూదులాకులు పరచండి. మొదటి రెండు వేసవులూ వారానికి అంగుళం నీళ్ళు అందాలి.

నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 4.5 నుంచి 6 మధ్య, అంటే ఆమ్లం వైపు, ఉంటేనే ఇది సుఖంగా ఉంటుంది. ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే ఇనుము అందడం లేదని గుర్తు. చాలాసార్లు దోషం ఇంటి పునాదిదే: సిమెంటులోంచి కారే సున్నం గోడ పక్క మట్టిని మారుస్తుంది. గోడకు రెండు మూడడుగులు వదిలి నాటండి. బూడిద, సున్నం దగ్గరికి రానీయకండి. రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ మట్టి పరీక్ష చేయించుకుంటే ఊహాగానాలు తప్పుతాయి. పీహెచ్ తగ్గించడానికి గంధకం పొడి వేయాల్సి వస్తే నాటడానికి నెలల ముందే వేయాలి, అది మెల్లగా పనిచేస్తుంది. ఎరువు వసంతంలో ఒక్కసారి చాలు, అజేలియా పూలపొదలకు వేసేదే, సగం మోతాదు.

లేబుల్ మీద ‘పూర్తి నీడ’ అని ఉన్నా నమ్మకండి. చిమ్మ నీడలో ఆకు బాగుంటుంది, కాయ మాత్రం రాదు. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలే చోటయితే వేసవిలో చిన్న తెల్లగంటల్లాంటి పూలు, చలికాలానికి కాయలు. మధ్యాహ్నపు ఎండలో ఆకు అంచులు మాడతాయి. పాకడం కూడా మహా నిదానం, కాబట్టి చదరపు మీటరుకు తొమ్మిది చిన్న కుండీలు లెక్కేసుకోండి. ఒక పెద్ద కుండీ కొని అదే అల్లుకుంటుందని ఎదురుచూస్తే ఏళ్ళు పడుతుంది.

కాయ తినొచ్చు, పిండిపిండిగా, చూయింగ్ గమ్ రుచితో ఉంటుంది. ఆస్పిరిన్ పడనివాళ్ళు ముట్టకూడదు. సీసాల్లో అమ్మే వింటర్‌గ్రీన్ నూనె వేరే సంగతి, ఒక్క టీస్పూను మింగినా పసిపిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

హైదరాబాద్‌లో అమ్మావాళ్ళ కోసం ఒక కొమ్మ సూట్‌కేసులో పెడదామనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోవడం మంచిది. విమానాశ్రయం దాటినా అది అక్కడి ఏప్రిల్ ఎండ దాటదు.