పొగ తాగిన కుండ: ఉప్పల్ దగ్గర ఒక మట్టిపాత్రల కొట్టు

ఉప్పల్ చౌరస్తా దాటి వరంగల్ రోడ్డు పట్టుకుని కొంత దూరం పోతే, ఎడమ పక్కన నీలం పట్టా కప్పిన కొట్టు కనిపిస్తుంది. బోర్డు లేదు. నీళ్లు చల్లబరిచే రంజన్లు, కూజాలు రోడ్డు అంచుదాకా పేర్చి ఉంటాయి. ఒక అవ్వ, ఆమె కొడుకు నడుపుతున్నారు. ఈ ఏడాదిలో అక్కడ ఐదు పాత్రలు కొన్నాను. నాలుగు బాగున్నాయి, ఒకటి పగిలింది. ఆ లెక్క మొత్తం చెప్తాను.

మాది కుమ్మరి ఇల్లు. తాత భువనగిరి దగ్గరి పల్లెలో కుండలు కాల్చే ఆవం పెట్టేవాడు. నాన్న కాలానికే కుండలు చేసే సారె ఆగిపోయింది, నేను ఆఫీసు ఉద్యోగంలోకి వచ్చేశాను. అయినా కుండ చేతికి అందగానే వేలి కణుపుతో కొట్టి వినడం మాత్రం నన్ను వదల్లేదు. అలాంటి నేనే రెండేళ్ల కింద ఒక పెద్ద దుకాణంలో నల్లకుండ చూసి, నునుపుకి మురిసి, తొమ్మిది వందలు పెట్టి కొన్నాను. చింతపండు పులుసు కాచిన మూడో రోజు కడుగుతుంటే నలుపు చేతికంటింది. గీకి చూస్తే కింద మామూలు ఎర్రమట్టి. రంగు పూసి నూనె రాశారు. ఆ పులుసు ఇంట్లో పిల్లలకి కూడా పెట్టానని తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే ఈ కొట్టులో మొదటిసారి నల్లకుండ పట్టుకుని, "అవ్వా, ఇది రంగా?" అని సూటిగా అడిగాను. ఆమె ఏమీ అనుకోలేదు. మంచం కింద నుంచి ఒక పెంకు తీసి, నా ముందే రెండు ముక్కలు చేసింది. "రంగైతే మీదనే ఉంటది బిడ్డా. పొగైతే లోపలికి పోతది" అంది. పెంకు అంచు నుంచి అంచుదాకా నల్లగా ఉంది. అక్కడే ఆ కుండ కొన్నాను.

ఎర్రకుండకి, నల్లకుండకి మట్టి ఒకటే. మట్టిలో ఇనుము ఉంటుంది. కాలేటప్పుడు గాలి బాగా ఆడితే ఆ ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడుతుంది. నల్లకుండ కావాలంటే, ఆవం బాగా కాలి ఎర్రగా ఉన్నప్పుడే తడి గడ్డి, ఊక, పేడ వేసి, సందు లేకుండా మట్టితో మెత్తేయాలి. లోపల మంటకి గాలి అందదు. అప్పుడది మట్టిలోని ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌నే లాక్కుంటుంది, ఇనుము నల్లబడుతుంది. కాలకుండా మిగిలిన పొగమసి మట్టి రంధ్రాల్లో దూరి కూర్చుంటుంది. ఆవం పూర్తిగా చల్లారేదాకా తెరవకూడదు. వేడి మీద తెరిస్తే గాలి తగిలిన చోటల్లా మళ్లీ ఎర్రమచ్చలు పడతాయి. తాత ఆవం మూశాక మమ్మల్ని ఆ వైపుకి రానిచ్చేవాడు కాదు. కాలుతుందని భయపడుతున్నాడనుకునేదాన్ని. కర్రతో ఎక్కడ పొడుస్తామోనని ఆయన బెంగ అని ఇప్పుడు అర్థమవుతోంది.

ఈ విద్య ఇక్కడ చాలా పాతది. మేముండే మల్లాపూర్‌కి దగ్గర్లోనే మౌలాలిలో ఇనుపయుగపు పెద్దరాళ్ల సమాధులు బయటపడ్డాయి. ఆ కాలపు సమాధుల్లో దక్షిణాదంతటా దొరికే కుండకి లోపల, మూతి దగ్గర నలుపు, బయట ఎరుపు. బోర్లించి కాలిస్తే లోపలికి గాలి చేరదు, బయటికి చేరుతుంది. ఒకే మంటలో రెండు రంగులు! వేల ఏళ్ల కింద గాలిని అంత లెక్కగా వాడుకున్నారంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇక పగిలిన పాత్ర సంగతి. అది ఎర్ర కంచుడు, అంటే వెడల్పు మూతి మట్టిపాత్ర, నూట ఇరవై రూపాయలు. తొందరలో ఉండి కొట్టి చూడకుండా తెచ్చాను. ఇంటికొచ్చి కొడితే ఖంగుమనలేదు, తడి చెక్కని తట్టినట్టు మొద్దుగా పలికింది. రెండోసారి పొయ్యి మీద పెట్టగానే నిలువునా చీరింది. ముక్క చూస్తే రెండు పక్కలా ఎరుపు, నడుమ బూడిదరంగు చార. మట్టిలోని ఆకు అలము పూర్తిగా కాలడానికి వ్యవధి చిక్కలేదన్నమాట. ఆవాన్ని తొందరపెట్టారు. తొందరతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మట్టిలోని ఇసుక రేణువు 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ ముడుచుకుంటుంది. ఆ మెట్టు నెమ్మదిగా దాటకపోతే కంటికి కనిపించని బీట పడుతుంది. ముక్కలు తీసుకెళ్లి చూపిస్తే అవ్వ కొడుకు వాదించలేదు. "వాన పట్టేటట్టుందని జల్ది చేసినం అక్కా" అని ఒప్పుకుని వేరేది ఇచ్చాడు. ఈసారి నాలుగు కొట్టి విని ఒకటి తెచ్చుకున్నాను.

నల్లకుండ రెండు లీటర్లది నాలుగు వందల యాభై. నాలుగు నెలలుగా గ్యాస్ మీద సన్నసెగన పప్పు, చేపల పులుసు వండుతున్నాను. అడుగు గోధుమరంగుకి తిరిగింది. మంట తగిలిన చోట మసి కాలిపోతే అలాగే అవుతుంది, అది లోపం కాదు. వేడి కుండలో చన్నీళ్లు మాత్రం పోయకండి.

మెరిసే పూత ఉన్న జాడీలు కూడా ఓ మూల పెట్టారు, ఎక్కడి నుంచో తెప్పించినవి. వాటిలో ఊరగాయ పెట్టొద్దని అవ్వే చెప్పింది. నేనూ అదే అంటాను. తక్కువ వేడికే కరగాలని కొందరు పూతలో సీసం కలుపుతారు, పులుపు తగిలితే అది ఊడి తిండిలోకి వస్తుంది. అమ్ముకునే మనిషి నోటి నుంచి ఆ మాట రావడం నాకు ఎంతో నచ్చింది.

మూతలు సరిగ్గా కూర్చోవు, ఇది మాత్రం వాళ్లు సరిచేసుకోవాలి. ఏ కుండకి ఆ మూత అని లేదు, గుట్టలోంచి వెతుక్కోవాలి. గడ్డి చుట్టి ఇవ్వరు, ఇంటి నుంచి పాత చీర తీసుకెళ్లండి. కారు ఆపడానికి చోటు లేదు. స్కానర్ ఉంది.

ఎండాకాలానికి రంజన్ అడిగితే, ఇప్పుడున్నవి తీసుకోవద్దంది అవ్వ. వానల్లో చేసినవట, సరిగ్గా ఆరలేదట. సంక్రాంతి దాటాక మొదటి ఆవం దించుతారు, ఆ వారంలో రమ్మంది. పోతాను.