వదలడం నేర్పిన గీత: కీగల్ బ్లూటూత్ పరికరం, రెండేళ్ళ వాడకం తర్వాత

రెండో కాన్పు తర్వాత నాకు దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడేవి. కీగల్ వ్యాయామం (మూత్రాన్ని ఆపే కటి కండరాలను బిగించి వదలడం) సరిగ్గా చేస్తున్నానో లేదో తెలియక, లోపల అమర్చుకుంటే కండరాల ఒత్తిడిని కొలిచి ఫోనుకు పంపే ఈ పరికరం కొన్నాను. ఆరు నెలలు వాడి రాసిన సమీక్షలో దీని యాప్‌ను ఆకాశానికెత్తాను. పరికరం గురించి ఆనాడు రాసిన మాట మీదే ఉన్నాను. యాప్ గురించి రాసింది మాత్రం దిద్దుకోవాలి.

నిరుడు వేసవిలో ఫోను మార్చాను. కొత్త ఫోనులో వేసుకుందామంటే యాప్ లేదు, కంపెనీ తీసేసింది. మెయిల్ పంపితే కొత్త మోడల్ కొనుక్కోమన్నారు. ఒళ్ళు మండింది. ఛార్జింగ్ నిలుస్తోంది, సెన్సరు పనిచేస్తోంది. నా కండరం ఎంత బిగిసిందో చెప్పే అంకెను నాకే అందకుండా చేస్తే ఎలా ఊరుకుంటాను?

పాత ఫోనులో యాప్ ఇంకా తెరుచుకుంటోంది. డెవలపర్ ఆప్షన్స్‌లో బ్లూటూత్ హెచ్‌సీఐ స్నూప్ లాగ్ (ఫోనూ పరికరమూ ఇచ్చిపుచ్చుకున్నదంతా రాసిపెట్టే ఫైలు) ఆన్ చేసి, ఒకసారి వ్యాయామం చేసి, ఆ ఫైలును లాప్‌టాప్‌లో అలాంటి ఫైళ్ళను చదివే వైర్‌షార్క్‌తో తెరిచాను. బ్యాటరీ శాతం వెంటనే దొరికింది. దానికి అన్ని కంపెనీలూ వాడే 2ఏ19 అనే ఉమ్మడి సంఖ్య ఉంది. ఒత్తిడి మాత్రం కంపెనీ సొంత సర్వీసులో, అంటే ఉమ్మడి ప్రమాణం లేని చోట ఉంది. 2902 డిస్క్రిప్టర్‌లో (అంకెలను వాటంతటవే పంపమని చెప్పే స్విచ్చు లాంటిది) రాసి నోటిఫికేషన్లు ఆన్ చేసినా పరికరం ఉలకలేదు, పలకలేదు. చిన్నవాడు పడుకున్నాక నాలుగు రాత్రులు ఆ లాగ్ చదివాను. యాప్ ముందుగా ఇంకోచోట ఒకే ఒక్క బైటు (0 నుంచి 255 దాకా ఉండే ఒక సంఖ్య) రాస్తోంది. నేనూ అదే పంపగానే అంకెలు ధారగా వచ్చాయి. అవీ మొదట పొంతన లేకుండా ఎగిరిపడ్డాయి. 244, 1 అనే రెండు బైట్లను వచ్చిన వరసలోనే కలిపితే (244×256+1) 62465. తక్కువ విలువ బైటు ముందొస్తోందని గ్రహించి తిరగేస్తే (1×256+244) 500. గీత కుదుటపడింది.

అసలు విషయం ఆ గీతలోనే ఉంది. ఐదు సెకన్లు బిగించి, పది సెకన్లు వదలాలి. బిగించినప్పుడు గీత 900 దాకా లేస్తోంది. వదిలాక, బిగించక ముందున్న 500కు దిగాలి కదా, 640 దగ్గర ఆగిపోతోంది. తర్వాతి సారి 700. అంటే నేను వదలనే లేదు! బిగించిన ప్రతిసారీ నక్షత్రాలు ఇచ్చిన యాప్ ఏడాదిపైగా ఈ సంగతి చూపలేదు. బాలాజీ కాలనీలో మా ఫిజియోథెరపిస్టుకు గీత చూపిస్తే, "వదలడమూ వ్యాయామమేనమ్మా" అని బిగింపుల లెక్క సగానికి తగ్గించి, ఊపిరితో పాటు వదలడం నేర్పారు. మూడు నెలలకు గీత కిందికి దిగడం మొదలైంది. మొన్న అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా బట్టలు తడవలేదు. ఇందులో పరికరం వాటా ఎంతో, ఆమె వాటా ఎంతో విడదీయలేను.

లోపాలూ చెప్పాలి. జత చేయమని అడగకుండానే ఇది ఎవరికైనా కనెక్ట్ అవుతుంది. నాకు దారి ఇచ్చింది ఆ తెరిచిన తలుపే, కానీ అపార్ట్‌మెంట్‌లో పక్కింటివారికీ అది తెరిచే ఉంది. అందుకే పని కాగానే ఆపేస్తాను. ఆ 500కు కొలమానం ఏదీ లేదు. నిన్నటి నా గీతతో నేటి నా గీతను పోల్చుకోవడానికే పనికొస్తుంది.

లాప్‌టాప్‌లో పైథాన్ భాషలో, బ్లూటూత్ కోసం ఉన్న బ్లీక్ లైబ్రరీతో వాడుతున్నాను. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్‌లో తెరుచుకునేలా చిన్న పేజీ రాసుకున్నాను. ఐఫోన్ సఫారీలో వెబ్ బ్లూటూత్ (వెబ్ పేజీ నుంచే బ్లూటూత్ పరికరంతో మాట్లాడే వీలు) లేదు కనుక మా వదిన ఫోనులో ఆ పేజీ పనిచేయదు. తనూ కొననా అని అడిగింది. ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం కాబట్టి నాకు సాగింది. తనను ముందు మా ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాను.